ఊరికే వచ్చిన కట్టెలు, ఎంతకీ స్టార్ట్ కాని రంపం

గాలివానకి ఎదురింటి పెద్దాయన దొడ్లో నీలగిరి చెట్టు పడిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆయన మా గేటు దగ్గరికొచ్చి, "నీ దగ్గర ఆ కోత మిషన్ ఉంది కదా బాబూ, మొత్తం నువ్వే పట్టుకుపో. నాకేమీ ఇవ్వక్కర్లేదు. ఎల్లుండి సాయంత్రానికి దొడ్డి ఖాళీ అయితే చాలు" అన్నారు. ఏడాదికి సరిపడా కట్టెలు. నడిచెళ్లే దూరం. పైగా అడక్కుండా ఇస్తున్నారు. "అలాగే బాబాయిగారూ, ఈ పూటే మొదలుపెడతా" అనేశాను.

ఆ పూట మొదలు కాలేదు. మర్నాడూ కాలేదు. ఆ చెట్టు నుంచి మొదటి ముక్క తెగిపడటానికి పదహారు రోజులు పట్టింది.

మూడేళ్లుగా నా దగ్గరున్న పెట్రోల్ రంపం గురించి రివ్యూ రాయాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. ఈ పదహారు రోజులయ్యాక ఇక ఆగలేకపోయాను. కంపెనీ పేరు మాత్రం చెప్పను. నేను పడ్డ కష్టాల్లో ముప్పాతిక వంతు నా నిర్వాకమే. మిగతా పావు ఏ పెట్రోల్ రంపానికైనా ఉండేదే.

మిషన్ సంగతి రెండు ముక్కల్లో: 45 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్, 18 అంగుళాల బార్ (చెయిన్ తిరిగే పొడవాటి ఇనుప పట్టీ). బార్, చెయిన్ లేకుండా ఐదు కిలోలకి కాస్త అటూ ఇటూ. ట్యాంకులు నింపి అరగంట పనిచేశాక ఆ ఐదు కిలోలు పది అనిపిస్తాయి. పదునుగా ఉన్నప్పుడు దుంగలోకి వెన్నలో కత్తి దిగినట్టు దిగుతుంది. ఇందులో నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఫిర్యాదంతా ఆ స్థితికి వచ్చేలోపు జరిగే తంతు గురించే.

మొదటి రోజు. నాలుగైదు నెలల తర్వాత మిషన్ బయటికి తీశాను. ట్యాంకులో సగం పెట్రోల్ ఉంది. "అదృష్టం, పెట్రోల్ కూడా ఉంది" అనుకున్నాను చూడండి, అక్కడే ఉంది అసలు కథంతా. చోక్ పూర్తిగా లాగి, మిషన్ నేల మీద పెట్టి, వెనక పిడిలో కుడికాలు దూర్చి, ముందు పిడి ఎడమచేత్తో నొక్కిపట్టి తాడు లాగాను. ఒకటి, రెండు, మూడు. ఆరో లాగుకి ఎక్కడో "టుఫ్" మన్నట్టు అనిపించింది. పట్టించుకోకుండా ఇంకో ఇరవై సార్లు లాగాను.

ఆ "టుఫ్" గురించి ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. మూడేళ్లు వాడి కూడా నేను దాని విలువ తెలుసుకోలేదు. చోక్ వేస్తే ఇంజన్‌కి వెళ్లే గాలి తగ్గి పెట్రోల్ ఎక్కువ వెళుతుంది. చల్లగా ఉన్న ఇంజన్ అంటుకోవడానికి అది కావాలి. అంటుకోగానే ఒక్కసారి దగ్గుతుంది, వెంటనే ఆగిపోతుంది. ఆ దగ్గు వినపడగానే చోక్ సగానికి తెచ్చి మళ్లీ లాగాలి. రెండు మూడు లాగుల్లో అందుకుంటుంది. దగ్గు విన్నాక కూడా పూర్తి చోక్ మీదే లాగుతూ పోతే, లాగిన ప్రతిసారీ లోపలికి పెట్రోల్ పోస్తున్నట్టే లెక్క. ప్లగ్గు తడిసి ముద్దవుతుంది, ఇక ఎంత లాగినా భుజం నొప్పే. పైగా ఆ దగ్గు చాలా చిన్నది. పక్కన ఎవరైనా మాట్లాడుతుంటే వినపడదు. నా పక్కన మా బావమరిది మాట్లాడుతున్నాడు.

"ఇంకొంచెం గట్టిగా లాగు బావా" అన్నాడు వాడు, కుర్చీలో కూర్చుని. లాగాను. "అలా కాదు, ఒక్క ఊపున." అలాగే లాగాను. తెగేదాకా లాగొద్దని పెద్దలు ఏ సందర్భంలో అన్నారో గానీ నేను అక్షరాలా తెగేదాకా లాగాను. పిడి నా చేతిలో మిగిలింది, మిగతా తాడు చర్రుమని లోపలికి పోయింది. నేను వెల్లకిలా పడ్డాను. బావమరిది కుర్చీలోంచి లేచాడు, నన్ను లేపడానికి కాదు, నవ్వడానికి చోటు చాలక.

తాడు మార్చడం అనుకున్నంత కష్టం కాదు. పక్క మూత నాలుగు స్క్రూలతో ఉంటుంది. లోపల తాడు చుట్టుకునే చక్రం, దాని కింద గడియారం స్ప్రింగు లాంటి చుట్ట. ఆ చక్రాన్ని తొందరపడి పైకి లేపితే స్ప్రింగు మొత్తం విచ్చుకుని మొహం మీదికి వస్తుంది. కళ్లద్దాలు పెట్టుకునే చెయ్యండి. పాత తాడు ఎంత లావుంటే కొత్తదీ అంతే ఉండాలి. చుట్టాక చక్రాన్ని రెండు మూడు చుట్లు బిగించి వదిలితేనే పిడి వెనక్కి లాక్కుంటుంది, లేకపోతే నాలుకలా బయటికి వేలాడుతుంది. నాది మొదటిసారి వేలాడింది.

తాడు మార్చిన వంకతో ఒక మంచి పని జరిగింది. బార్‌కి తొడుగు వేసి, మిషన్‌ని స్టార్టర్ పిడి పట్టుకుని మెల్లగా గాల్లోకి ఎత్తాను. తాడు జర్రుమని వచ్చేసి మిషన్ కింద పడితే ఇంజన్‌లో కంప్రెషన్ (లోపలి గాలిని పిస్టన్ నొక్కే బలం) పోయినట్టు. ఆగి ఆగి, కుదుపు కుదుపుగా దిగితే బాగున్నట్టు. నాది కుదుపుగానే దిగింది. పిస్టన్ బతికే ఉందని ఆ రాత్రి నిద్రపట్టింది.

రెండో రోజు ప్లగ్గు విప్పాను. తడి. పెట్రోల్ కారుతోంది. చోక్ పూర్తిగా తీసేసి, స్విచ్ ఆఫ్‌లో పెట్టి, ప్లగ్గు రంధ్రం కిందికి వచ్చేలా మిషన్‌ని వంచి ఏడెనిమిది సార్లు లాగితే లోపల నిలవున్న పెట్రోలంతా చిమ్ముకుంటూ బయటికొచ్చింది. గుడ్డతో తుడిచి అరగంట వదిలేశాను. తర్వాత ప్లగ్గుని వైరుకి తగిలించి, దాని ఇనుప భాగం సిలిండర్ రెక్కకి ఆనించి, స్విచ్ ఆన్ చేసి లాగితే నీలం రంగు నిప్పురవ్వ కనపడింది. ఇది ప్లగ్గు రంధ్రానికి దూరంగా, పెట్రోల్ ఆవిరి పూర్తిగా పోయాకే చెయ్యాలి. తొందరపడితే రంపం కాదు, మనం స్టార్ట్ అవుతాం. ప్లగ్గు మొనల మధ్య ఖాళీ అర మిల్లీమీటరు ఉండాలి, ఉంది.

నిప్పు ఉంది, కంప్రెషన్ ఉంది. మిగిలింది పెట్రోలు. మూత తీసి వాసన చూశాను. పెట్రోల్ వాసన కాదు, పాత వార్నిష్ డబ్బా వాసన. ఆయిల్ కలిపిన పెట్రోల్ నెల దాటితే మొరాయించడం మొదలుపెడుతుంది. అందులో ఇథనాల్ కలిసుంటే మరీను, అది గాల్లో తేమ పీల్చుకుంటుంది, చివరికి నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుక్కి విడిగా దిగిపోతాయి. ఫిల్టర్ ముందుగా పీల్చేది ఆ అడుగునున్నదాన్నే. వంచిన తీగతో ఫిల్టర్‌ని బయటికి లాగాను. చిటికెన వేలి చివరంత ఉంటుంది. తెల్లగా ఉండాల్సింది, బెల్లం పాకంలో ముంచి తీసినట్టుంది.

కొత్త ఫిల్టర్, కొత్త పెట్రోల్. నా మిషన్‌కి 50:1, అంటే లీటరుకి 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్. కొన్ని పాత మిషన్లకి 25:1 ఉంటుంది, అంటే లీటరుకి 40. మూత మీద ఏది రాసుంటే అదే. "ఆయిల్ కాస్త ఎక్కువేస్తే ఇంజన్‌కి బలం" అని మా బావమరిది సిద్ధాంతం. బలం కాదు, పొగ. ప్లగ్గు మీద మసి పేరుకుని మళ్లీ మొదటికొస్తుంది. అసలు ఆయిల్ కలపకుండా ఉత్త పెట్రోల్ పోస్తే మాత్రం ఇంజన్ కాసేపట్లోనే పట్టేస్తుంది, దాని గురించి మాట్లాడుకోవడానికి ఇంకేమీ ఉండదు.

స్టార్ట్ అయింది! ఐదో లాగుకి. ఇంట్లో వాళ్లంతా బయటికొచ్చి చూశారు. యాక్సిలేటర్ నొక్కగానే "భో" మని ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ అదే. ఊరికే ఆడమంటే ఆడుతుంది, పని చెప్తే చచ్చిపోతుంది. అచ్చం మా బావమరిదే అని ఇంట్లో ఎవరో అన్నారు, నేను కాదు.

ఆ పరిస్థితిలో నేను చేసిన తప్పు, సర్వీస్ సెంటర్‌కి ఇవ్వడం. పేరు అనవసరం. తొమ్మిది రోజులు ఉంచుకున్నారు. ఫోన్ చేస్తే "కార్బొరేటర్ పోయింది సార్, మార్చాలి" అన్నారు. పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపే భాగం అది. వాళ్లు చెప్పిన ఖర్చు కొత్త మిషన్ ధరలో మూడో వంతు. "విప్పి చూశారా?" అంటే, "చూడగానే తెలిసిపోతుంది సార్" అన్నారు. వెనక్కి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి ఎయిర్ ఫిల్టర్ తీస్తే, కార్బొరేటర్ స్క్రూల తలల్లో పొట్టు, జిడ్డు గట్టిపడి చెక్కు చెదరకుండా ఉంది. ఆ స్క్రూల మీద ఎవరూ డ్రైవర్ పెట్టలేదు. తొమ్మిది రోజులు మిషన్ వాళ్ల బల్ల మీద విశ్రాంతి తీసుకుని వచ్చింది.

ఈలోగా ఎల్లుండి సాయంత్రాలు నాలుగు గడిచిపోయాయి. పెద్దాయన రోజూ గేటు దగ్గర కనపడి, "ఏమైంది బాబూ" అనేవారు. పదో రోజు ఆ మాట కూడా మానేసి, "నీ మిషన్ కంటే చెదపురుగులే నయం, అవి మొదలుపెట్టేశాయి" అన్నారు.

కార్బొరేటర్ నేనే విప్పాను. భయపడేంత వస్తువు కాదు, అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దది. బైక్ కార్బొరేటర్‌లో తేలే బుడ్డి ఉంటుంది, దీంట్లో ఉండదు. రంపాన్ని పక్కకి, తలకిందులుగా ఎలా తిప్పినా ఆగకుండా నడవాలి కదా, అందుకని బుడ్డి బదులు పల్చటి పొర పెట్టారు, డయాఫ్రమ్ అంటారు. ఒక వైపు ఒక్క స్క్రూ, దాని కింద పెట్రోల్ తోడే పొర. రెండో వైపు నాలుగు స్క్రూలు, దాని కింద ఎంత వదలాలో చూసుకునే పొర. ఈ రెండోది తియ్యగానే రోగం తెలిసిపోయింది. మెత్తగా, కంటి రెప్పలా కదలాల్సిన పొర ఎండుటాకులా పెళపెళలాడింది. ఒక్క స్క్రూ ఉన్న వైపు లోపల గోరంత కూడా లేని జల్లెడ ఒకటుంది, దానికి సగం పైగా జిగురు పట్టింది. దగ్గడానికి సరిపడా పెట్రోల్ వస్తోంది, పరుగెత్తడానికి చాలడం లేదు. అంతే జబ్బు.

పొరల కిట్ తెప్పించుకోవడానికి మూడు రోజులు. బిగించేటప్పుడు ఒకటే మెలిక: నాలుగు స్క్రూల వైపు ముందు గ్యాస్కెట్ (సందుల్లోంచి కారకుండా వేసే పల్చటి అట్ట), దాని మీద పొర. ఒక్క స్క్రూ వైపు తిరగబడుతుంది, ముందు పొర, దాని మీద గ్యాస్కెట్. విప్పేటప్పుడే ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను కాబట్టి బతికిపోయాను. పక్కన ఎల్ (తక్కువ వేగానికి), హెచ్ (ఎక్కువ వేగానికి) అని పెట్రోల్ సర్దుబాటు చేసే రెండు స్క్రూలుంటాయి, చెయ్యి దురద పెట్టినా వాటి జోలికి పోలేదు. హెచ్ స్క్రూ తెలియక బిగిస్తే పెట్రోల్ తగ్గి ఇంజన్ వేడెక్కి పిస్టన్ గీసుకుపోతుంది.

పదహారో రోజు పొద్దున. పూర్తి చోక్. బావమరిదిని మాట్లాడొద్దన్నాను. మూడో లాగుకి "టుఫ్". సగం చోక్. ఇంకో లాగు. అందుకుంది. యాక్సిలేటర్ నొక్కితే ఆ అరుపుకి ఎదురింటి గేటు తెరుచుకుంది.

ఇక కోత సంగతి. మామూలుగా రివ్యూలన్నీ దీని గురించే ఉంటాయి గానీ నిజానికి ఇందులో చెప్పడానికి తక్కువే ఉంది. చెయిన్ పదునుంటే రంపం తన బరువుతోనే దిగుతుంది, బయటికి రేకులు రేకులుగా పొట్టు వస్తుంది. పిండిలా వస్తే మొద్దుబారినట్టు, ఇక నొక్కడం మాని ఆకురాయి తియ్యాలి. నా చెయిన్‌కి 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి. ట్యాంకు నింపిన ప్రతిసారీ పంటికి రెండు మూడు గీతలు గీస్తాను. కుడివైపు పన్ను ఒకటి, ఎడమవైపు పన్ను ఒకటి చొప్పున ఉంటాయి. ఈ రకం చెయిన్‌ని కనిపెట్టింది జోసెఫ్ కాక్స్ అనే అమెరికన్. చెట్టు కాండంలో దొలుచుకుపోయే ఒక పురుగు దవడలు ఎడమకీ కుడికీ ఎలా ఆడుతున్నాయో గమనించి, అదే పద్ధతిలో పళ్లు చేసి 1947లో అమ్మడం మొదలుపెట్టాడు. ఆకురాయి పట్టుకుని కూర్చున్నప్పుడల్లా ఆ పురుగు గుర్తొస్తుంది, దానికి సాన పట్టే పని లేదు పాపం.

దుంగ నేల మీదుంటే ముప్పాతిక కోసి ఆపి, దొర్లించి మిగతాది కొయ్యాలి. చెయిన్ ఒక్క క్షణం మట్టికి తగిలితే అరగంట ఆకురాయి పని. బార్ మొన పైభాగం మాత్రం దేనికీ తగలనివ్వకండి. తగిలితే రంపం ఒక్కసారిగా మన మొహం వైపు ఎగురుతుంది, బ్రేక్ పడేలోపు మనం ఆలోచించే టైం కూడా ఉండదు. నాకు ఒకసారి, రెండో ఏడు, చిన్న కొమ్మ తగిలి ఎగిరింది. ముందు పిడికి ఎదురుగా ఉండే చెయిన్ బ్రేక్ మీట నా మణికట్టుకి తగిలి, బ్రేక్ పడి చెయిన్ ఆగిపోయింది. ఈ మిషన్‌కి నేనిచ్చే మార్కుల్లో పెద్ద వాటా ఆ బ్రేక్‌దే.

ఊరికే వచ్చే కట్టెల గురించి కూడా అడుగుతారు కాబట్టి: అవి దొరకడం కష్టమేం కాదు. చెట్టు పడిపోయిన ఇంటివాళ్లకి, కొమ్మలు నరికించుకున్నవాళ్లకి ఆ కట్టె ఒక బరువు, తీసుకెళ్లేవాడు దొరికితే చాలనుకుంటారు. చెట్లు కొట్టే పనివాళ్లతో పరిచయం ఉంటే ఇంకా మంచిది, దుంగలు మోసుకెళ్లే ఖర్చు వాళ్లకి తగ్గుతుంది. అడిగి తీసుకోండి, రోడ్డు పక్కన పడుందని మాత్రం ఎత్తుకురాకండి, దానికీ ఎవరో ఒకరు హక్కుదారు ఉంటారు. రంగు వేసినవి, చెద పట్టకుండా మందు పట్టించినవి, ప్లైవుడ్ ముక్కలు ఊరికే ఇచ్చినా నేను తీసుకోను, వాటి పొగ ఊపిరికి విషం. గన్నేరు కొమ్మలు అసలే వద్దు, దాని పొగ కూడా మంచిది కాదు. కంచె దగ్గర పెరిగిన చెట్టైతే లోపల మేకులో తీగలో మింగేసి ఉంటుంది. కోసిన చోట నీలి నలుపు మచ్చ కనపడితే ఆగిపోండి, ఇనుము దగ్గర్లో ఉన్నట్టే. ఆ మచ్చ అర్థం కాక నేను ఒక చెయిన్ పోగొట్టుకున్నాను.

నీలగిరిని పచ్చిగా ఉన్నప్పుడే చీల్చాలి. ఎండాక గొడ్డలి దిగదు, ఎగిరి వెనక్కొస్తుంది. మేం ఆలస్యం చేసినా ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి నాలుగు రోజుల్లో చీల్చి, నేలకి ఆనకుండా దుంగల మీద పేర్చాం. పైన కప్పు, పక్కలన్నీ గాలికి. తేమ 20 శాతం కంటే తగ్గితేనే పొగ లేకుండా మండుతుంది, అంటే ఈ చెట్టు వచ్చే ఏడాదికి. రెండు ముక్కలు కొట్టి చూస్తే పచ్చివి "దబ్" మంటాయి, ఎండినవి "టంగ్" మంటాయి. మా పేర్పు ఇంకా "దబ్" దగ్గరే ఉంది.

మిషన్‌కి ఐదుకి మూడున్నర ఇస్తాను. బలం, బ్రేక్, విడిభాగాలు సులువుగా దొరకడం మంచివి. చెయిన్ బిగించే స్క్రూ బార్‌కీ ఇంజన్‌కీ మధ్య సందులో పెట్టినవాడు ఎప్పుడూ చేతి తొడుగులతో దాన్ని తిప్పి ఉండడు. పక్కన పెడితే కింద బార్ ఆయిల్ (చెయిన్ సాఫీగా తిరగడానికి పోసేది) మరక పడుతుంది, అట్టముక్క వేసి పెట్టుకోవాల్సిందే. బుక్‌లెట్‌లో స్టార్ట్ చేసే పద్ధతి బొమ్మలున్నాయి గానీ ఆ "టుఫ్" గురించి ఒక్క మాట లేదు, అర మార్కు దానికే కోశాను. ఏడాదికి రెండు మూడు సార్లు నాలుగు కొమ్మలు కోసుకునేవాళ్లు ఇది కొనొద్దు, బ్యాటరీ రంపం కొనుక్కోండి. శక్తి తక్కువే, కానీ మీట నొక్కితే తిరుగుతుంది. దుంగలు, చెట్లు తరచుగా ఉంటేనే ఇది.

ఇప్పుడు పని అయిపోగానే ట్యాంకు ఒంపేసి, ఆగిపోయేదాకా ఇంజన్ ఆడించి, అప్పుడు గోడకి తగిలిస్తున్నాను. పెట్రోల్ డబ్బా మీద కలిపిన తేదీ రాస్తున్నాను.

మొన్న పెద్దాయన ఫోన్ చేశారు. వాళ్ల తమ్ముడి దొడ్లో ఏదో కొమ్మ విరిగిందట, పెద్దదే. "ముందు మిషన్ స్టార్ట్ చేసి చూసుకుని అప్పుడు వస్తానని చెప్పు బాబూ" అన్నారు. "ఆగండి బాబాయిగారూ, మీకే వినిపిస్తా" అని ఫోన్ బల్ల మీద పెట్టి, కొత్త పెట్రోల్ పోసి తాడు లాగాను. నాలుగో లాగుకి దగ్గింది. ఫోన్‌లోంచి ఆయన గొంతు: "అదేనా? ఇంకా గట్టిగా లాగు."